అనువాదానికి ముందు విడివిడి టెక్స్ట్ బాక్సుల్ని కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో డీటీపీ పని, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని చేస్తాను. టైపింగుతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఎక్కువగా చేసేది వేరే భాషలో తయారైన బ్రోచర్లు, కరపత్రాలు, పుస్తకాలను అనువాదానికి సిద్ధం చేయడం, అనువాదం వచ్చాక మళ్లీ పేజీలో కూర్చోబెట్టడం. ఈ పనిలో అనువాదకులు, డిజైన్ నేర్చుకుంటున్న పిల్లలు, కాలేజీల వాళ్లు, స్వచ్ఛంద సంస్థల వాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఎక్కువ ఉదాహరణలు పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్ నుంచి ఇచ్చాను. మిగతా సాఫ్ట్‌వేర్ల సంగతీ మధ్యలో వస్తుంది.

పేజీ చూడ్డానికి చక్కగానే ఉంది. బాక్సులు విడివిడిగా ఉంటే వచ్చే నష్టమేంటి?

మనం పేజీని చూస్తాం. సాఫ్ట్‌వేర్ బాక్సుల్ని చూస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు బాక్సుల్లో ఒకే వాక్యం నడుస్తోందని మన కంటికి తెలుస్తుంది, దానికి తెలియదు. ఒక్కో బాక్సును ఒక్కో వేరే రాతగా తీసి అనువాదకుడి ముందు పెడుతుంది.

ఇది ఎంత దూరం పోతుందో ఒక పనిలో కళ్లారా చూశాను. మిర్చి రైతులకు పంచే కరపత్రం ఒకటి వచ్చింది. ఇంగ్లీష్‌లో తయారైంది, తెలుగులోకి మార్చాలి. మధ్యలో స్ప్రేయర్ బొమ్మ. బొమ్మకు ఎడమ పక్క బాక్సులో మందు కొట్టొద్దు అన్న ముక్క, కుడి పక్క బాక్సులో ఆరు గంటల్లో వాన వచ్చేలా ఉంటే అన్న ముక్క. ఇంగ్లీష్ వాక్యం అట్లాగే నడుస్తుంది. చేయాల్సింది ముందు చెప్పి, షరతు తర్వాత పెట్టొచ్చు. తెలుగులో షరతు ముందొచ్చి క్రియ చివర కూర్చుంటుంది: "ఆరు గంటల్లో వాన వచ్చేలా ఉంటే మందు కొట్టొద్దు." అనువాదం చేసినాయనకు తాను వాడే అనువాద సాఫ్ట్‌వేర్, అంటే టూల్‌లో ఈ రెండు ముక్కలూ ఒకదాని కింద ఒకటి రాలేదు. మధ్యలో ఎరువుల పట్టిక, ఫోన్ నంబర్లు, బొమ్మల కింది రాతలు అన్నీ వచ్చిపడ్డాయి. ఆయన దేనికది సరిగ్గానే రాశారు. పేజీలోకి తిరిగొచ్చేసరికి స్ప్రేయర్ పక్కన పెద్ద అక్షరాల్లో "మందు కొట్టరాదు." అని, చివర ఫుల్‌స్టాప్‌తో సహా నిలబడింది. అవతలి పక్కన "ఆరు గంటల్లో వర్షం కురిసే అవకాశం ఉన్నట్లయితే" అని ఆగిపోయింది.

ప్రూఫ్‌లో పట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర ఆ కాగితం చేతికందిన రైతు దాన్ని ఏమని చదువుకునేవాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. తప్పు అనువాదకుడిది కాదు. ఆయనకు మనం సగం సగం వాక్యాలు ఇచ్చాం.

ఇంగ్లీష్ నుంచి ఫ్రెంచికో, స్పానిష్‌కో పోయేటప్పుడు వాక్యం వరుస చాలావరకు దగ్గరగా ఉంటుంది కాబట్టి సగం వాక్యాన్ని సగంగా లాక్కురావడం కొన్నిసార్లు కుదురుతుంది. తెలుగులో అది కుదరదు. హిందీ, ఉర్దూలలోనూ క్రియ చివరే కాబట్టి వాటికీ ఇదే చిక్కు.

అందరూ "స్టోరీ" అంటుంటారు. అదేంటి?

ఇన్‌డిజైన్‌లో ఒకదానికొకటి లింక్ అయి ఉన్న బాక్సులన్నింటిలో పారే మొత్తం రాతను స్టోరీ అంటారు. పది పేజీల్లో పది బాక్సులున్నా, అన్నీ లింక్ అయి ఉంటే అది ఒక్కటే స్టోరీ. ఒకే పేజీలో పది బాక్సులు లింకు లేకుండా ఉంటే పది స్టోరీలు.

దీన్ని కళ్లారా చూడొచ్చు. ఇన్‌డిజైన్ ఫైలును ఐడీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. సీఎస్4 అనే వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది, అనువాద టూల్స్ ఎక్కువగా అడిగేది కూడా ఈ ఫైలునే. దానికి ఒక నకలు తీసుకుని, పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను జిప్ అని మార్చి తెరవండి. లోపల స్టోరీస్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఒక్కో స్టోరీకి ఒక్కో ఎక్స్‌ఎంఎల్ ఫైలు. నాలుగు పేజీల బ్రోచర్‌కు అక్కడ పదో పదిహేనో ఫైళ్లుంటే హాయిగా పని మొదలుపెట్టొచ్చు. నూట యాభై కనబడితే మాత్రం ముందు బాక్సుల సంగతి చూడాలి. నేను ఏ పని ఒప్పుకునే ముందైనా చూసేది ఈ ఫోల్డర్‌నే. పేజీల లెక్క కన్నా ఇదే నాకు అసలు లెక్క చెబుతుంది.

మరి ఉన్న బాక్సులన్నీ కలిపేయాలా?

వద్దు. కలపకూడనివి కలపడం కూడా అంతే ఇబ్బంది.

నేను వాడే పద్ధతి ఒకటే: బాక్సులోది పైకి చదవడం. చదివాక గొంతు ఆగిపోతే ఆ బాక్సు తనంతట తాను నిలబడుతుంది, వదిలేయండి. గొంతు ఆగక పక్క బాక్సు కోసం కళ్లు వెతుక్కుంటే ఆ రెండూ కలవాలి. వాక్యం మధ్యలో తెగినవి తప్పకుండా కలపాలి. వాక్యం పూర్తయినా "అందుకే", "ఆయనే", "ఈ కారణంగా" అని పక్క బాక్సు మొదలైతే వాటినీ కలుపుతాను. "ఆయన" ఎవరో తెలియకపోతే అనువాదకుడు "వారు" అనాలో, "అతను" అనాలో, అసలు "ఆమె" అనాలో ఎట్లా తేల్చుకుంటాడు?

మేడారం జాతరకు దారి చూపించే మ్యాప్ తీసుకోండి. ములుగు, గోవిందరావుపేట, పస్రా, తాడ్వాయి అని ఊరికొక బాక్సు. వాటిని లింక్ చేస్తే అనువాదం అయ్యాక ఒక పేరు రెండు లైన్లకు పెరిగిందనుకోండి, తర్వాతి పేర్లన్నీ ఒక్కో ఊరు జరిగిపోతాయి. తాడ్వాయి ఉండాల్సిన చోట పస్రా కూర్చుంటుంది. ఇలాంటివి ముట్టుకోవద్దు. పెళ్లి శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, దరఖాస్తు ఫారాల్లో ఖాళీల పక్కన రాసే మాటలు కూడా ఇంతే.

బొమ్మల కింది రాతలు మధ్యస్థం. రామప్ప మీద ఒక బ్రోచర్ ఉందనుకుందాం. మదనికల ఫోటో కింద రెండు లైన్లు, నీళ్లమీద తేలే ఇటుక ఫోటో కింద రెండు లైన్లు ఉంటాయి. ఇవి దేనికవే నిలబడతాయి కాబట్టి కలపక్కర్లేదు. కానీ అదే బ్రోచర్‌లో ఆలయ చరిత్ర చెప్పే పేరా ఒకటి ఫోటో అడ్డొచ్చి రెండు బాక్సులయిందనుకోండి. ఒక బాక్సులో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, పక్క దాంట్లో 1213లో అని. అవి కలవాల్సిందే. లేకపోతే "1213లో" అన్న ముక్క తెలుగులో ఎక్కడా అతకక వేలాడుతుంది.

ఇన్‌డిజైన్‌లో కలిపే పద్ధతి చెప్పండి.

ముందు ఫైలుకు వేరే పేరుతో నకలు తీసి పెట్టుకోండి. ఇది చెప్పకుండా మిగతాది చెప్పను.

సెలక్షన్ టూల్ తీసుకుని మొదటి బాక్సు మీద క్లిక్ చేస్తే కింద కుడి మూలన చిన్న చదరపు గడి కనిపిస్తుంది. అదే అవుట్ పోర్ట్. దాని మీద ఒకసారి క్లిక్ చేస్తే కర్సర్‌కు రాత అంటుకున్నట్టు మారుతుంది. ఇప్పుడు రెండో బాక్సు మీదికి తీసుకెళితే కర్సర్ గొలుసు గుర్తుగా మారుతుంది. అక్కడ క్లిక్ చేయండి. రెండో బాక్సులో ఉన్న రాత మొదటి దాని వెనకాల చేరి ఒకే స్టోరీ అవుతుంది. మూడోది ఉంటే రెండో దాని అవుట్ పోర్ట్ నుంచి మళ్లీ ఇదే. వ్యూ మెనూలో ఎక్స్‌ట్రాస్ కింద షో టెక్స్ట్ థ్రెడ్స్ ఆన్ చేసుకుంటే ఏ బాక్సు నుంచి ఏ బాక్సుకు గీత పోతుందో కనిపిస్తుంది. పది బాక్సులు కలిపేటప్పుడు ఆ గీతలు లేకుండా నేను పని చేయను.

ఇక్కడ కొత్తవాళ్లు అందరూ పడే గుంట ఒకటుంది. ఇన్‌డిజైన్ రెండు స్టోరీలను కలిపేటప్పుడు మధ్యలో పేరా గుర్తు తనంతట తాను పెట్టదు. మొదటి బాక్సు చివర ఎంటర్ లేకపోతే దాని ఆఖరి మాట, రెండో బాక్సు మొదటి మాట అతుక్కుపోతాయి. వాక్యం నిజంగా కొనసాగుతుంటే మధ్యలో ఒక స్పేస్ ఇవ్వాలి. వేరే పేరా అయితే ఎంటర్ కొట్టాలి. ఈ తేడా చూసుకోకుండా కలుపుకుంటూ పోతే శీర్షిక వచ్చి పేరాలో కలిసిపోతుంది, కలిసిపోయిన పేరా మొత్తం ఒక్కటే స్టైల్ పట్టుకుంటుంది. అందుకే కలిపిన ప్రతి చోటా కంట్రోల్+వై కొట్టి స్టోరీ ఎడిటర్‌లో అతుకు దగ్గర చూడండి. అక్కడ డిజైన్ ఏమీ ఉండదు, ఉత్త రాతే ఉంటుంది కాబట్టి తప్పు ఇట్టే కనబడుతుంది.

బాక్సులు గ్రూప్ అయి ఉన్నా, లాక్ అయి ఉన్నా ముందు వాటిని విడిపించండి. లింక్ కావట్లేదని ఫోన్ చేసేవాళ్లలో సగం మంది సమస్య ఇదే.

లింక్ చేయడం మంచిదా, అన్నీ కట్ చేసి ఒకే బాక్సులో పేస్ట్ చేయడం మంచిదా?

డిజైన్ అట్లాగే నిలవాలంటే లింక్ చేయండి. బాక్సులు ఎక్కడివక్కడే ఉంటాయి, రాత మాత్రం ఒకటవుతుంది. ఒకే పేరాను ఎవరో అనవసరంగా మూడు బాక్సులుగా కోసి పెట్టి ఉంటే, మధ్యలో బొమ్మ కూడా లేకపోతే, అప్పుడు కట్ చేసి ఒకే పెద్ద బాక్సులో పెట్టేయడమే శుభ్రం. ఖాళీ అయిన బాక్సుల్ని డిలీట్ చేయడం మరిచిపోకండి.

పీడీఎఫ్ నుంచి మార్చిన ఫైలు వచ్చింది. లైనుకొక బాక్సు ఉంది! ఏం చేయాలి?

మొదట చేయాల్సింది ఒరిజినల్ ఫైలు అడగడం. మళ్లీ అడగడం. మొహమాటపడకుండా మూడోసారి కూడా అడగడం. "అన్నా, గీ పీడీఎఫే ఉన్నది, జర దీంట్లనే చెయ్యి" అంటారు. నాలుగు రోజుల తర్వాత ఎవరి కంప్యూటర్‌లోనో అసలు ఫైలు దొరుకుతుంది. అప్పటికి మనం రెండు రాత్రులు బాక్సులు కలపడంలో పోగొట్టుకుని ఉంటాం.

నిజంగానే లేదనుకుందాం. అప్పుడు పాత బాక్సుల మీద మోజు వదిలేయండి. పేజీకి ఎన్ని కాలమ్స్ ఉన్నాయో చూసి కొత్తగా బాక్సులు గీయండి, వాటిని లింక్ చేయండి. రాతను పీడీఎఫ్ నుంచే కాలమ్ కాలమ్‌గా కాపీ చేసి అందులో పోయండి. పాత బాక్సులు వేరే లేయర్‌లో లేతగా కింద ఉంచుకుంటే ఏది ఎక్కడుండాలో చూసుకోవచ్చు, పని అయ్యాక ఆ లేయర్ తీసేయొచ్చు. దాచి వదిలేయొద్దు, తీసేయండి. దాచిన లేయర్‌లోని రాత కూడా ఐడీఎంఎల్‌లోకి పోతుంది, దాంతో అనువాదకుడు ఒకే పేరాను రెండుసార్లు చేసే పరిస్థితి వస్తుంది.

కాలమ్ కాలమ్‌గా అని ఎందుకన్నానంటే, బాక్సులు కలిపే కొన్ని స్క్రిప్టులు పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి వరుస పెడతాయి. రెండు కాలమ్స్ ఉన్న పేజీలో అప్పుడు ఎడమ కాలమ్ మొదటి లైను, కుడి కాలమ్ మొదటి లైను, మళ్లీ ఎడమ రెండో లైను అని కలగాపులగం అవుతుంది. స్క్రిప్టు వాడినా ఒక్కో కాలమ్ విడిగా సెలెక్ట్ చేసి నడపండి.

ఇలా తెచ్చిన రాతలో ప్రతి లైను చివరా ఎంటర్ ఉంటుంది. టూల్ ప్రతి ఎంటర్‌నూ పేరా ముగింపు అనుకుంటుంది. అంటే మళ్లీ సగం వాక్యాలే. దీనికి పాత చిట్కా ఒకటుంది. ముందుగా అసలైన పేరాల మధ్య రెండు ఎంటర్లు ఉండేలా చూసుకుని, ఫైండ్ ఛేంజ్‌లో ఆ రెండు ఎంటర్లను రాతలో ఎక్కడా లేని గుర్తుగా, రెండు స్టార్లుగానో మరోటిగానో మార్చండి. తర్వాత మిగిలిన ఒంటి ఎంటర్లన్నింటినీ స్పేస్‌గా మార్చండి. ఆఖర్న స్టార్లను మళ్లీ ఒక ఎంటర్‌గా మార్చండి. షిఫ్ట్+ఎంటర్‌తో కొట్టిన లైన్ బ్రేకులు వేరు, వాటికి విడిగా వెతకాలి. ఇంగ్లీష్‌లో లైను చివర హైఫన్ పెట్టి విరిచిన మాటలుంటాయి, వాటిని మాత్రం ఒక్కోటి కళ్లతో చూసి కలపండి. అన్నీ ఒకేసారి మార్చితే నిజంగా హైఫన్ ఉండాల్సిన మాటలు కూడా అతుక్కుపోతాయి.

కోరల్‌డ్రాలో ఫైలు ఉంది. మా ఊళ్లో అందరూ అదే వాడతారు.

నిజమే. ఫ్లెక్సీలు, కరపత్రాలు మన దగ్గర ఎక్కువగా కోరల్‌లోనే తయారవుతాయి. విడివిడి టెక్స్ట్ ముక్కలు సెలెక్ట్ చేసి కంట్రోల్+ఎల్ కొడితే కంబైన్ అయి ఒకే టెక్స్ట్ అవుతుంది. కంట్రోల్+కె దానికి రివర్సు, విడదీస్తుంది. కలిపాక వరుస మనం అనుకున్నట్టే వచ్చిందో లేదో తప్పకుండా చదివి చూసుకోవాలి. అందుకే నేను ఒకేసారి ఇరవై ముక్కలు కలపను, రెండు మూడు చొప్పున కలుపుతాను. ఆర్టిస్టిక్ టెక్స్ట్‌గా ఉన్నదాన్ని కంట్రోల్+ఎఫ్8తో పేరాగ్రాఫ్ టెక్స్ట్‌గా మారిస్తే లైన్లు తమంతట తాము సర్దుకుంటాయి. తెలుగు పెట్టాక ఇది చాలా ఉపయోగపడుతుంది.

అనువాద టూల్స్‌లో చాలావాటికి కోరల్ ఫైలు అర్థం కాదు. కలిపిన రాతను వర్డ్‌లోకి తీసి, పేరాకు నంబరు వేసి, ఆ నంబర్లే కోరల్ పేజీ ప్రింటు మీద కూడా వేసి పంపడం ఇప్పటికీ నమ్మకమైన దారి.

కర్వ్స్ చేసిన ఫైలు వస్తే మాత్రం కలపడానికి అక్కడ రాత ఏదీ ఉండదు, అక్షరాల ఆకారంలో బొమ్మలు ఉంటాయి. ప్రెస్సుకు ఇచ్చేటప్పుడు ఫాంట్ ఇబ్బంది రాకుండా కంట్రోల్+క్యూ కొట్టి కర్వ్స్ చేస్తారు, అది సబబే. కానీ కర్వ్స్ చేయక ముందటి ఫైలును వేరే పేరుతో దాచండి. ఈ ఒక్క అలవాటు లేక మళ్లీ మొదటి నుంచి టైపు చేసిన పుస్తకాలు నా చేతుల మీదుగా కొన్ని పోయాయి.

పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్న పాత తెలుగు పుస్తకాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చాలి.

ఇందులో రెండు పనులున్నాయి, కలపడం చిన్నది.

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7. అది 2001 నాటిది, దానికి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే పద్ధతి) తెలియదు. విడి టెక్స్ట్ బ్లాకుల్ని కలపడానికి అందులో కట్, పేస్టే సులువు. కంట్రోల్+ఈ కొడితే స్టోరీ ఎడిటర్ వస్తుంది, అక్కడ చేసుకోండి. ఇన్‌డిజైన్‌లోకి తీసుకెళ్లాలంటే సీఎస్6 వరకు ఉన్న వెర్షన్లే పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరుస్తాయి. పాత సీఎస్6 ఉన్న కంప్యూటర్ ఏ షాపులోనైనా ఉంటే దాన్ని పారేయనివ్వకండి.

రెండోది ఫాంటు. అను ఫాంట్లలో మనకు "వ" అని కనిపించేది లోపల తెలుగు వ కాదు, ఇంగ్లీష్ కీబోర్డుకు చెందిన ఏదో ఒక గుర్తు. ఫాంటు మార్చగానే పిచ్చి గీతలుగా కనిపించేది అందుకే. అనువాద టూల్‌కు కనిపించేదీ ఆ పిచ్చి గీతలే. కాబట్టి ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, దానికి కన్వర్టర్లు ఉన్నాయి. మార్చేముందు ఒక జాగ్రత్త. రాత మధ్యలో ఇంగ్లీష్ మాటలు ఉంటే కన్వర్టర్‌కు అవి ఏ ఫాంటులో ఉన్నాయో తెలియదు, వాటినీ తెలుగు అనుకుని చెడగొడుతుంది. వాటిని ముందే గుర్తుపెట్టి పక్కన పెట్టుకోవాలి. బాక్సులు కలపడం ఫాంట్ మార్చక ముందే చేయండి, ఎందుకంటే మార్చాక పేజీ మొత్తం కదిలిపోయి ఏ ముక్క ఎక్కడిదో గుర్తుపట్టడం కష్టమవుతుంది.

స్క్రైబస్, వర్డ్, పబ్లిషర్?

స్క్రైబస్ ఉచితం. బాక్సు సెలెక్ట్ చేసి ఎన్ కొట్టి తర్వాతి బాక్సు మీద క్లిక్ చేస్తే లింక్ అవుతుంది, యు కొడితే విడిపోతుంది. తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా రావాలంటే 1.6 వాడండి, పాత 1.4 పనికిరాదు.

వర్డ్‌లో, పబ్లిషర్‌లో రెండో టెక్స్ట్ బాక్సు ఖాళీగా ఉంటేనే లింక్ పడుతుంది. కాబట్టి రెండో దానిలోది ముందు కట్ చేసి మొదటి దాని చివర పేస్ట్ చేసి, అప్పుడు లింక్ చేయాలి. పబ్లిషర్‌కు 2026 అక్టోబర్‌తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేస్తోంది. అందులో పాత ఫైళ్లు ఉన్నవాళ్లు ముందే బయటికి తీసుకోవడం మంచిది.

ఈ కలిపే పని ఎవరు చేయాలి? అనువాదకుడే టూల్‌లో సర్దుకోలేడా?

డిజైన్ చేసినవాళ్లు చేయాలి, అదీ అనువాదానికి పంపక ముందు. పేజీ కట్టినవాళ్లకు ఏ ముక్క తర్వాత ఏ ముక్కో తెలుసు. అనువాదకుడు ఊహించాలి. పేరా దాటి రెండు ముక్కల్ని కలపడానికి టూల్స్ అన్నీ ఒప్పుకోవు. ఒప్పుకున్నా, వేర్వేరు బాక్సుల ముక్కల్ని కలిపితే తిరిగి పేజీలోకి వచ్చేటప్పుడు ఒక బాక్సు ఖాళీగా మిగిలిపోవచ్చు.

మూడు భాషల్లోకి పోయే పని అయితే ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముందే ఒకసారి కలిపితే ఒక్కసారే పని. కలపకుండా పంపితే తెలుగాయన, హిందీ ఆయన, ఉర్దూ ఆయన ముగ్గురూ అదే చిక్కుముడిని ఎవరికి తోచినట్టు వాళ్లు విప్పుతారు.

డబ్బుల సంగతి కూడా అడుగుతుంటారు. ఇది అనువాదంలో భాగం కాదు, ఫైలు సిద్ధం చేసే పని. నేను విడిగా లెక్క కడతాను, పని మొదలుపెట్టకముందే చెబుతాను. స్టోరీస్ ఫోల్డర్ తెరిచి చూపిస్తే ఎందుకు అడుగుతున్నానో వాళ్లకే అర్థమవుతుంది. అనువాదకులు ఈ పనిని ఉచితంగా మీద వేసుకోవడం నాకు నచ్చదు. రాత్రంతా కూర్చుని కలిపిన శ్రమ పేజీలో ఎవరికీ కనబడదు.

అనువాదం అయ్యాక బాక్సుల్ని మళ్లీ విడదీయాలా?

అక్కర్లేదు. లింక్ అట్లాగే ఉంటే తర్వాత దిద్దుబాట్లు వచ్చినప్పుడు రాత తానే సర్దుకుంటుంది.

ఒక్కో బాక్సు ఒక్కో విషయంతోనే మొదలవ్వాలని ఉంటే, కలిపేటప్పుడే అతుకు దగ్గర ఫ్రేమ్ బ్రేక్ పెట్టండి. కీబోర్డు కుడి పక్కన నంబర్ల దగ్గరుండే ఎంటర్‌ను షిఫ్ట్‌తో కలిపి కొడితే అది పడుతుంది. అప్పుడు ఒక భాగం పెరిగినా తగ్గినా తర్వాతి భాగం తన బాక్సులోనే మొదలవుతుంది. టూల్‌లో ఇది ఒక చిన్న ట్యాగ్‌లా కనిపిస్తుంది, దాన్ని తీసేయొద్దని అనువాదకుడికి ముందే చెప్పండి. వాక్యం మధ్యలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

తప్పనిసరిగా విడదీయాలంటే లింక్ తెంపడం దారి కాదు. తెంపితే రాత మొత్తం మొదటి బాక్సులోకి వెనక్కి పోయి, మిగతావి ఖాళీ అవుతాయి. ఇన్‌డిజైన్‌తో పాటే వచ్చే శాంపిల్ స్క్రిప్టుల్లో స్ప్లిట్ స్టోరీ అని ఒకటుంది. అది ఎక్కడి రాతను అక్కడే ఉంచి విడదీస్తుంది.

తెలుగు పోశాక చోటు చాలట్లేదు, ఒత్తులు కూడా విడిపోతున్నాయి.

రెండూ వేరు సమస్యలు.

ఒత్తులు విడిపోవడం కంపోజర్ వల్ల, అంటే లైన్లో అక్షరాల్ని కూర్చే అమరిక వల్ల. పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి. "క్ష్మ", "స్త్రీ" లాంటి మాటలు టైపు చేసి చూస్తే సరిగ్గా కూర్చుందో లేదో వెంటనే తెలుస్తుంది. స్టైల్‌లోనే మార్చండి, ఒక్కో పేరాకు చేత్తో మార్చుకుంటూ పోతే ఎక్కడో ఒకటి మిగిలిపోతుంది.

చోటు సంగతి తెలుగు లిపి స్వభావం. పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీష్‌కు పది పాయింట్ల అక్షరానికి పన్నెండు లీడింగ్ (లైను నుంచి లైనుకు దూరం) సరిపోతే, నేను తెలుగుకు పద్నాలుగు, పదిహేను ఇస్తాను. లేకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. అదీగాక "చేయించుకోవాల్సినవాళ్లందరూ" లాంటి పొడుగు మాట సన్నటి కాలమ్‌లో పడితే జస్టిఫై చేసినప్పుడు మాటల మధ్య కాలువలు తవ్వినట్టు ఉంటుంది. సన్నటి కాలమ్స్‌కు ఎడమ అలైన్‌మెంటే మేలు.

బాక్సులు కలిపి ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. చోటు చాలకపోతే ఎర్ర ప్లస్ గుర్తు ఆఖరి బాక్సు దగ్గరే కనిపిస్తుంది. విడివిడిగా ఉంటే ప్రతి బాక్సుకూ వెతకాలి. అయితే రాత మెల్లగా తన ఫోటో పక్క నుంచి జారి తర్వాతి ఫోటో పక్కకు చేరుతుంది, దానికి ఎర్ర గుర్తేమీ రాదు. అది కళ్లతో చూడాల్సిందే.

శుభ్రం చేశాక "ఫేస్‌బుక్" కాస్తా "ఫేస్బుక్" అయిపోయింది!

స కింద ఒత్తు పడకుండా పొల్లుగా నిలవడానికి మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటుంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. "కనిపించని అక్షరాలన్నీ తీసేయి" అని ఏ క్లీనప్ టూల్‌కైనా చెబితే అది కూడా పోతుంది. సాఫ్ట్‌వేర్, హాల్‌టికెట్, ఇలాంటి మాటలన్నీ దెబ్బతింటాయి. తెలుగు రాత మీద అలాంటి క్లీనప్ నడపకండి. ఇంగ్లీష్ మీద ముందే నడిపేయండి.

ఉర్దూ కూడా చేయాలి. అదే ఫైలు పనికొస్తుందా?

కలిపిన ఫైలే పనికొస్తుంది, రాత వరుస మారదు. మారేది బాక్సుల చోటు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి మొదటి బాక్సు కుడి పక్కకు రావాలి, మూడు మడతల బ్రోచర్ అయితే మడతల వరుస కూడా తిరగబడుతుంది. బాక్సుల్ని జరపండి, లింకులు ముట్టుకోవద్దు. వరంగల్‌లో ఉర్దూ చదివేవాళ్లకు కొదవలేదు. అచ్చుకు పంపే ముందు వాళ్లలో ఒకరికి ప్రూఫ్ చూపించండి.

రేపటికే కావాలంటున్నారు. ఇవన్నీ చేసే టైం లేదు. కనీసం ఏం చేయమంటారు?

పేజీని ప్రింటు తీయండి. ఎర్ర పెన్ను తీసుకుని బాక్సులకు చదవాల్సిన వరుసలో ఒకటి, రెండు, మూడు అని నంబర్లు వేయండి. వాక్యం ఒక బాక్సు నుంచి పక్క దానికి పోయే చోట బాణం గీయండి. ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫోటో తీసి ఫైలుతో పాటు అనువాదకుడికి వాట్సాప్ చేయండి. నాలుగు పేజీలకు పది నిమిషాలు పడుతుంది. బాణం ఉన్న చోట వాక్యం మొత్తాన్ని మొదటి బాక్సు ముక్కలోనే రాసి, రెండో దాన్ని ఖాళీగా ఉంచమనండి. తిరిగొచ్చాక మీరు పేజీలో దాన్ని రెండు బాక్సులకూ సర్దుకుంటారు.